పాత కారు బ్రేకు హోసులు: రబ్బరా, ఉక్కు అల్లికా?

తన పేరు రాయవద్దని కోరిన ఒక పాఠకుడు డాలస్ శివారు నుంచి నాలుగు పేజీల ఉత్తరం పంపారు. ఆయన నిరుడు పక్కింటి పెద్దాయన దగ్గర 1994 నాటి మాజ్దా మియాటా కొన్నారు. రెండే సీట్లు, గుడ్డ టాపు, ఎర్ర రంగు. చదువుకునే రోజుల్లో హైదరాబాదులో పత్రికల్లో బొమ్మ చూసి మనసు పడ్డ కారట అది. రెండు నెలల క్రితం పదహారేళ్ల కొడుకును పక్కన పెట్టుకుని నాలుగు చక్రాలకూ బ్రేకు ప్యాడ్లు తానే మార్చారు. అప్పటి నుంచి పెడల్ మెత్తగా, ఇదివరకటి కంటే లోతుగా దిగుతోంది. బ్రేకు గొట్టాల్లో చిక్కిన గాలిని రెండుసార్లు తీశారు. కొంత నయమైంది కానీ పూర్తిగా కుదరలేదు.

ఇక్కడి నుంచి హోసుల మీద, అంటే చక్రాల దగ్గరి బ్రేకులకు ఆయిల్ చేరవేసే వంగే గొట్టాల మీద, ఇంట్లో మూడు మాటలు మొదలయ్యాయి. క్రెసన్‌లోని రేసు ట్రాక్‌కు వెళ్లివచ్చే స్నేహితుడొకాయన "ఆ రబ్బరు పీకేసి స్టీలు అల్లిక హోసులు వేయించు, కారు సగం దూరంలో ఆగుతుంది" అన్నారు. విజయవాడ ఆర్టీసీ డిపో వర్క్‌షాపులో ముప్పై రెండేళ్లు పనిచేసి రిటైరై, కూతురి దగ్గర ఆరు నెలలు ఉండటానికి వచ్చిన మామగారు "కంపెనీ వేసిన రబ్బరే వేయించండి అల్లుడు గారూ, ఆ తీగల అల్లిక లోపల ఏం జరుగుతోందో మనకు కనపడదు" అన్నారు. భార్య మాత్రం "ఏదైనా వేసుకోండి, బ్రేకుల సంగతి తేలేదాకా వాణ్ని ఆ కారు ఎక్కించకండి" అని తేల్చేశారు. ఈలోగా ఆన్‌లైన్‌లో స్టీలు హోసుల సెట్లు రెండు ఈయన కంటపడ్డాయి. రెండూ చూపులకు ఒకేలా ఉన్నాయి, ఒకదాని ధర మాత్రం రెండోదానిలో మూడో వంతు. ఏది కొనాలి, మామగారి మాట తీసేసినట్టు కాకుండా ఎలా కొనాలి అన్నది ఆయన ప్రశ్న.

సమాధానం:

హోసుల సంగతికి వచ్చే ముందు, మీరు మూడో పేజీలో మాటవరసకు రాసి వదిలేసిన ఒక వాక్యం దగ్గర ఆగుతాను. హ్యాండ్‌బ్రేకు ఇదివరకు ఆరు చప్పుళ్లకు బిగిసేదనీ, ఇప్పుడు పది దాకా లాగవలసి వస్తోందనీ రాశారు. నా దృష్టిలో మీ ఉత్తరం మొత్తంలో ముఖ్యమైన సమాచారం అదే. పెడల్ మెత్తబడటమూ, హ్యాండ్‌బ్రేకు పైదాకా రావడమూ రెండూ ప్యాడ్లు మార్చిన రోజునే మొదలయ్యాయంటే, ఆ నేరాన్ని హోసుల మీద మోపడం తొందరపాటు అవుతుంది.

ఆ తరం మియాటాలో వెనక కాలిపర్, అంటే ప్యాడ్లను డిస్కుకు అదిమే భాగం, కొంచెం ప్రత్యేకమైనది. హ్యాండ్‌బ్రేకు యంత్రాంగం కూడా అందులోనే ఉంటుంది కనుక, ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య ఎడం ఎంత ఉండాలో చేత్తో సరిచేసే మర ఒకటి లోపల పెట్టారు. కాలిపర్ వెనక వైపు 14 మిల్లీమీటర్ల పానాతో ఊడే ఒక బోల్టు కనిపిస్తుంది. అది నిజానికి మూత మాత్రమే. దాన్ని తీసి లోపల 4 మిల్లీమీటర్ల ఆలెన్ కీ పెట్టి కుడివైపు తిప్పుతూ పోతే ప్యాడ్లు డిస్కును పట్టేస్తాయి. అక్కడి నుంచి మూడో వంతు చుట్టు వెనక్కి తిప్పి, డిస్కు ధారాళంగా తిరుగుతోందో లేదో చూసి, మూత బిగించాలి. కొత్త ప్యాడ్లు పట్టించడం కోసం ఈ మరను వదులు చేసి, తరవాత మళ్లీ సరిచేయడం మరిచిపోయారనుకోండి, పెడల్ నొక్కిన ప్రతిసారీ మొదటి సగం ఆ ఖాళీ ఎడాన్ని పూడ్చడానికే ఖర్చవుతుంది. అప్పుడు మీరు బంగారు తీగతో అల్లిన హోసులు వేసినా పెడల్ లోతుగానే దిగుతుంది. ఈ శనివారం ముందు ఈ పని చేయండి. హ్యాండ్‌బ్రేకు వదిలేసి, కారును స్టాండ్ల మీద నిలిపి, రెండు వెనక చక్రాలూ విప్పితే గంటలో అయిపోతుంది.

సర్దుబాటు అయ్యాక పెడల్ మీద కాలు పెట్టి జాగ్రత్తగా గమనించండి. కొంత దూరం ఊరికే దిగి, ఆ తరవాత గట్టిగా నిలబడితే ఎడం ఇంకా ఎక్కువగా ఉందని అర్థం. మొదటి నుంచి చివరి దాకా స్పాంజి మీద అడుగు వేసినట్టుంటే గాలి మిగిలి ఉండాలి, లేదా ఎక్కడో ఏదో సాగుతూ ఉండాలి. ఒకే ఒత్తిడితో తొక్కి పట్టుకున్నప్పుడు మెల్లమెల్లగా నేలకు దిగిపోతూ ఉంటే, పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ లోపలి సీళ్లను అనుమానించాలి. అది ఇంకా పెద్ద విషయం, అప్పుడు కారు వీధిలోకి తీయకూడదు. హోసుల వంతు వచ్చేది రెండో సందర్భంలోనే. ఇంజను ఆన్‌లో ఉంచి మీ అబ్బాయిని పెడల్ గట్టిగా తొక్కమని, మీరు ఒక్కొక్క హోసునూ గుప్పిట్లో పట్టుకుని చూడండి. బాగున్న రబ్బరు హోసు కొద్దిగా బిగుసుకున్నట్టు తెలుస్తుంది, అంతే. పాతబడింది వేళ్ల కింద ఉబ్బుతుంది.

ఇంత చెప్పినా, నిర్దోషులని తేలినంత మాత్రాన ఆ హోసులను అలాగే ఉంచమని అనడం లేదు. పాత యజమాని రసీదుల కట్టలో హోసులు మార్చిన జాడ లేదన్నారు కదా, అంటే అవి ముప్పై ఏళ్లు దాటిన రబ్బరు. పైన వంపు దగ్గర సన్నటి పగుళ్లు కనిపించకపోయినా లోపలి గొట్టం ఉబ్బి దారి ఇరుకు కావచ్చు. అప్పుడు తొక్కిన ఒత్తిడి వెళుతుంది గానీ వదిలినప్పుడు తొందరగా వెనక్కి రాదు. ఒక చక్రం పట్టేసినట్టు వేడెక్కుతుంది, కారు ఒక పక్కకు లాగుతుంది. కాబట్టి మార్చాలా వద్దా అన్నది చర్చ కాదు, మార్చాలి. మీ చిన్న కారుకు ముందు రెండు, వెనక రెండు, మొత్తం నాలుగు హోసులు. నాలుగూ ఒకేసారి మార్చండి.

ఇప్పుడు దేనితో మార్చాలన్నది. మామూలు హోసులో లోపల రబ్బరు గొట్టం, దాని చుట్టూ నూలు అల్లిక, పైన మళ్లీ రబ్బరు తొడుగు ఉంటాయి. మీ స్నేహితుడు చెప్పే రకంలో లోపలిది టెఫ్లాన్ గొట్టం, దాని మీద స్టెయిన్‌లెస్ స్టీలు తీగల అల్లిక, మంచి రకమైతే ఆ పైన పారదర్శకమైన ప్లాస్టిక్ తొడుగు. స్టీలు అల్లిక ఒత్తిడికి పెద్దగా ఉబ్బదు కనుక పెడల్ గట్టిపడుతుంది, కాలి కింద ఎంత బ్రేకు పడుతోందో సన్నంగా తెలుస్తుంది. ఇది నిజమైన లాభమే, నేను కాదనను. కానీ ఆ లాభం ఎంతో కొలిచి చూద్దాం. అమెరికాలో రోడ్డు వాహనాల బ్రేకు హోసులకు వర్తించే ఫెడరల్ ప్రమాణం 106 ప్రకారం, 3 మిల్లీమీటర్ల లోపు రంధ్రం ఉన్న మామూలు హోసు చదరపు అంగుళానికి వెయ్యి పౌండ్ల ఒత్తిడి దగ్గర అడుగు పొడవుకు 0.66 సీసీకి మించి ఉబ్బకూడదు. తక్కువగా ఉబ్బే తరగతి అయితే 0.33 సీసీ. టీ చెంచాలో 5 సీసీ పడుతుందనుకుంటే, కొత్త మామూలు రబ్బరు హోసుకు అనుమతించిన ఉబ్బు అందులో ఏడో వంతు కూడా లేదు. అంటే, స్టీలు వేసుకున్నవాళ్లు "పెడల్ ఎంత మారిపోయిందో!" అని మురిసిపోయేటప్పుడు, ఆ మార్పులో చాలా భాగం ముప్పై ఏళ్ల రబ్బరు పోయి కొత్తది వచ్చినందుకూ, ఆ వంకన పాత ఆయిల్ మొత్తం మారినందుకూ వచ్చినదే. కొత్త రబ్బరు వేసినా ఆ భాగం మీకు దక్కుతుంది.

కారు సగం దూరంలో ఆగుతుందన్న మాట మాత్రం స్నేహం కొద్దీ అన్నదిగా వదిలేయండి. చక్రాలు పట్టేసే దాకా తొక్కగలిగిన బ్రేకులు మీ కారుకు ఇప్పటికే ఉన్నాయి. 1994 నుంచి ఈ కారుకు 1.8 లీటర్ల ఇంజనుతో పాటు డిస్కులు కూడా పెద్దవి వచ్చాయి, కారు బరువేమో టన్ను దాటీ దాటనంత. ఆగే దూరాన్ని తేల్చేవి టైర్లు. మీ టైర్ల తయారీ తేదీ ఉత్తరంలో రాయలేదు, చూసుకోండి.

మామగారి మాటకు వస్తాను. ఆయన అభ్యంతరాన్ని పాతకాలపు చాదస్తమని తీసేస్తే నష్టపోయేది మీరే. అయితే ఆయన అనుభవంలో ఏది మీ కారుకు వర్తిస్తుంది, ఏది వర్తించదు అన్నది వేరుచేసుకోవాలి. ఆయన చేతుల మీదుగా వెళ్లిన బస్సులవి గాలి బ్రేకులు. అక్కడ హోసు కాస్త కారితే బుస్సుమని వినిపిస్తుంది, కంప్రెసర్ పూడుస్తూ ఉంటుంది, మీటరులో ముల్లు పడిపోతూ హెచ్చరిస్తుంది. మీ కారులో ఉన్నది మూసిన గొట్టాలలో పిడికెడు ఆయిల్. కారితే మళ్లీ నింపేవాడు లేడు. ముందు చక్రాలకొకటి, వెనక చక్రాలకొకటిగా రెండు దారులు ఉన్నాయి కనుక ఒక హోసు పగిలితే రెండో జత పనిచేస్తుంది కానీ, అప్పటికప్పుడు పెడల్ కాలి కింద జారిపోతే పదహారేళ్ల కుర్రవాడు ఏం చేస్తాడో మీరే ఊహించుకోండి. అందువల్ల గాలి బ్రేకుల అనుభవం నుంచి వచ్చినా, "లోపల ఏం జరుగుతోందో కనపడదు" అన్న మాట మీ కారు విషయంలో మరింత గట్టిగా నిలుస్తుంది. రబ్బరు చావు ముందే చెప్పి వస్తుంది: పగులుతుంది, ఉబ్బుతుంది, చెమరుస్తుంది. స్టీలు అల్లిక చివరిదాకా మెరుస్తూనే ఉంటుంది. పైన తొడుగు లేని రకమైతే ఇసుక రేణువులు తీగల మధ్యకు దూరి లోపలి టెఫ్లాన్‌ను కొద్దికొద్దిగా కోస్తాయి. ఆ తీగలే తాకిన చోట టైరును గానీ రంగును గానీ రంపంలా కోస్తాయి. చక్రం తిరిగినప్పుడల్లా హోసు వంగేది ఎక్కువగా దాని కొసన ఉండే లోహపు ఫిటింగ్ మొదట్లోనే. చేటు జరిగేదీ తరచు అక్కడే.

అందుకే మీ రెండు సెట్ల ధరల తేడా ఊరికే వచ్చింది కాదు. మీరు పంపిన ఫొటోల్లో ఖరీదైన సెట్టు హోసు మీద డి.ఓ.టి. (అమెరికా రవాణా శాఖ) అన్న అక్షరాలు, తయారీదారు గుర్తు, తేదీ, లోపలి కొలత, చివర హెచ్.ఎల్. అని ఉన్నాయి. ఉబ్బు తక్కువ తరగతికి హెచ్.ఎల్., మామూలు తరగతికి హెచ్.ఆర్. అని వేస్తారు. చవక సెట్టు మీద ఏమీ లేదు. పెట్టె మీద చిన్న అక్షరాలతో రోడ్డు మీద వాడటానికి కాదని మాత్రం ఉంది. డి.ఓ.టి. అంటే ప్రభుత్వం పరీక్షించి ఇచ్చిన సర్టిఫికెట్ కాదని కూడా తెలుసుకోండి. ప్రమాణానికి తగినట్టు చేశామని తయారీదారు తన పూచీ మీద వేసుకునే ముద్ర అది. అయినా ఆ పూచీ చిన్నది కాదు. ఆ ప్రమాణంలో ఒక పరీక్ష ఉంది: హోసులో ఒత్తిడి నింపి, ఒక కొసను నిమిషానికి 800 చుట్ల వేగంతో తిప్పుతూ 35 గంటలు ఆపకుండా విదిలిస్తారు. మరో పరీక్షలో చదరపు అంగుళానికి 4000 పౌండ్ల ఒత్తిడిని రెండు నిమిషాలు పట్టి ఉంచి, తరవాత 7000 దాకా పెంచినా ఈ సన్న రకం పగలకూడదు. ముద్ర లేని సెట్టును ఎవరు విదిలించి చూశారో మనకు తెలియదు. దాన్ని మాత్రం బుట్టలో నుంచి తీసేయండి. హోసుల ఎంపికలో నేను "వద్దు" అని కచ్చితంగా చెప్పేది ఇదొక్కటే.

మిగిలిన దారులు మీ ముందు మూడు ఉన్నాయి. మొదటిది, మామగారు చెప్పినట్టు కంపెనీ రబ్బరు గానీ, పేరున్న తయారీదారు రబ్బరు గానీ నాలుగూ కొత్తవి వేయడం. పెడల్ మీరు ఊహించుకున్నంత రాయిలా ఉండదు కానీ, 1994లో కారు షోరూము దాటినప్పుడు ఎలా ఉండేదో అలా ఉంటుంది. నెలకు నాలుగుసార్లు ఊళ్లో తిప్పి, అబ్బాయికి క్లచ్చు గేరు నేర్పించే కారుకు ఇది చాలు. పదేళ్ల పాటు ఏడాదికోసారి చూసుకోవడం తప్ప మరో బెంగ ఉండదు. రెండోది, డి.ఓ.టి. గుర్తు, పై తొడుగు రెండూ ఉన్న స్టీలు సెట్టు. క్రెసన్‌కు నిజంగా వెళ్లే ఉద్దేశం ఉంటే, బ్రేకులు మళ్లీమళ్లీ వేడెక్కే చోట గట్టి పెడల్ ఇచ్చే నమ్మకానికి విలువ ఉంది. నాలుగు హోసుల మంచి సెట్టు సుమారు 100 నుంచి 200 డాలర్లలో దొరుకుతుంది కనుక అడ్డం డబ్బు కాదు. అడ్డం మీ ఓపిక. ఆరు నెలలకోసారి చక్రాలు విప్పి ప్రతి ఫిటింగ్ మొదలునూ దీపం పెట్టి చూడాలి, తొడుగు చిరిగినా తీగ ఒకటి తెగినా ఆ రోజే మార్చేయాలి. మూడోది, ఇప్పుడు రబ్బరు వేసి, ఏడాది తరవాత ట్రాక్ మోజు నిలిచి ఉంటే అప్పుడు స్టీలుకు మారడం. డబ్బు రెండుసార్లు ఖర్చవుతుంది, ఆయిల్ రెండుసార్లు మారుతుంది. కానీ బ్రేకు ఆయిల్ ఎలాగూ రెండేళ్లకోసారి మార్చవలసిందే.

నన్ను నొక్కి అడిగితే, మీ ఉత్తరంలో ట్రాక్ గురించి అయిదు వాక్యాలు, అబ్బాయి గురించి రెండు పేజీలు ఉన్నాయి గనుక నా మొగ్గు మొదటి దారి వైపు. మీకు ట్రాక్ మీద అంతకంటే ఎక్కువ ప్రేమ ఉండి, రాయడానికి మొహమాటపడి ఉంటే రెండోది తప్పేమీ కాదు.

ఇందులో ఇంకొక సంగతి టెక్సస్ వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాలి. 2025 జనవరి 1 నుంచి అక్కడ సొంత కార్లకు ఏటేటా జరిగే భద్రతా తనిఖీని తీసేశారు. డాలస్ చుట్టుపక్కల కౌంటీల్లో పొగ పరీక్ష మిగిలింది గానీ అది 24 ఏళ్లు దాటిన పెట్రోలు కార్లకు లేదు. అంటే మీ కారును ఇకమీదట చట్టం కోసం ఎవరూ ఒక్కసారి కూడా వంగి చూడరు. మీ ఆవిడ అన్న మాటను ఈ వెలుగులో మళ్లీ చదవండి. ఆమె కారు అమ్మేయమనలేదు, ఖర్చు గురించి కూడా అనలేదు; బ్రేకులు సరేనని ఎవరు చెబుతారు అని అడుగుతున్నారు. ప్రభుత్వం అడగడం మానేసిన ప్రశ్న అది. కాబట్టి హోసులు మీరే వేసినా, గంట కూలి ఇచ్చి ఒక మంచి మెకానిక్‌తో చూపించి, ఆ కాగితం ఇంట్లో పెట్టండి. మీ పని మీద నమ్మకం లేక చేసేది కాదిది. అబ్బాయి చేతికి తాళం ఇచ్చే రోజున ఆ కాగితం మీ ముగ్గురికీ పనికొస్తుంది.

బిగించేటప్పుడు రెండు మూడు విషయాలు. ఇనప గొట్టం హోసుతో కలిసే చోట ఉండే 10 మిల్లీమీటర్ల నట్టును మామూలు పానాతో ముట్టుకోకండి. నేను ఒకసారి అలా తిప్పి దాని మూలలు అరగదీసి, ఇరవై నిమిషాల పనికి గొట్టం మొత్తం మార్చుకున్నాను. నట్టును దాదాపు చుట్టూ పట్టే ఫ్లేర్ నట్ పానా కొనండి, ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచండి. కాలిపర్ దగ్గర బోల్టుకు అటొకటి ఇటొకటి ఉండే రాగి వాషర్లు కొత్తవే వేయాలి, బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో మాన్యువల్‌లోని అంకెకే బిగించాలి. హోసు పొడవునా ఎదురెదురు వైపుల గీతలు ఉంటాయి. అవి అలంకారానికి వేసినవి కావు, బిగించాక గీత మెలికపడి కనిపిస్తే హోసు మెలిపడిందని అర్థం. తరవాత స్టీరింగ్ ఇటు చివరికీ అటు చివరికీ తిప్పి, చక్రం వేలాడినప్పుడూ బరువు మీద నిలిచినప్పుడూ హోసు దేనికీ తగలకుండా, లాగినట్టు కాకుండా ఉందో చూడండి. పాత యజమాని సస్పెన్షన్ ఏమైనా మార్చి ఉంటే ఈ పరీక్ష ఇంకా ముఖ్యం. బ్రేకు ఆయిల్ విషయంలో కారుకు చెప్పింది డాట్ 3 రకం. డాట్ 4 దానితో కలుస్తుంది, కొత్తగా ఉన్నప్పుడు 205కు బదులు 230 డిగ్రీల దాకా మరగదు కనుక నేనైతే అదే పోస్తాను. డాట్ 5 అని ఉన్నది సిలికాన్, పేరు చూసి ఇంకా మంచిదనుకుని పోయకండి.

ఈ పనికి మామగారిని గ్యారేజీలోకి పిలవండి. పెద్దాయనను సంతోషపెట్టడానికి కాదు. గాలి తీసేటప్పుడు పెడల్ దగ్గర ఒకరు, చక్రం దగ్గర ఒకరు, ఇంజను గదిలోని బ్రేకు ఆయిల్ సీసాలో మట్టం చూస్తూ ఒకరు, మూడు జతల చేతులు నిజంగా కావాలి. మట్టం చూసే పని ఆయనకివ్వండి; సీసా ఎండితే గాలి దూరి మళ్లీ మొదటికొస్తారు, మీరు రెండుసార్లు గాలి తీసినా కుదరకపోవడానికి అదీ ఒక కారణం అయి ఉండవచ్చు. విప్పిన పాత హోసులను మాత్రం పారేయకండి. ఒకదాన్ని పదునైన కత్తితో నిలువుగా చీల్చి లోపలి రంధ్రం ఎంత మిగిలిందో ముగ్గురూ చూడండి, తయారీ తేదీ చదవగలిగితే నాకు రాయండి.